గుఱ్ఱము లేని రౌతు



కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునకు చెప్పిన రథకల్పన ఆస్తికులందఱకు పరిచితమే. శరీరము రథము, ఇంద్రియములు అశ్వములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి, ఆత్మ రథి. ప్రవచనములలో ఈ ఉపమానము విని తల యూపని శ్రోత యుండడు. అయితే ఈ కాలమున గుఱ్ఱమును స్వయముగా నడిపినవాడు వేయిమందిలో ఒకడైన ఉండునా? అలసిన గుఱ్ఱము డొక్కలు ఎట్లు ఎగసిపడునో, అది ఏ క్షణమున మొరాయించునో, ఏ క్షణమున మొరాయింపక కూలిపోవునో ఎఱుగని వారికి ఆ ఉపమానములో సగము అందదు. ఆ సగము అందుటకు దూరదేశపు పర్వతమార్గము ఒకటి కొంత ఉపకరించును.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందు సియెరా నెవాడా అను పర్వతశ్రేణి కలదు. 1955వ సంవత్సరమున వెండెల్ రోబీ అను ఆశ్వికుడు కొందఱు సహచరులతో కూడి, టాహో సరస్సు ప్రాంతము నుండి ఆబర్న్ పట్టణము వఱకు ఆ కొండల మీదుగా సుమారు నూఱు మైళ్ళ దూరమును ఒక్క దినములో గుఱ్ఱములపై దాటెను. మోటారు బండ్ల యుగమున గూడ అశ్వమునకు ఆ సత్తువ తొలగిపోలేదని చూపుట ఆయన యుద్దేశము. ఆ యాత్రయే పిమ్మట 'టెవిస్ కప్' అను పేర ప్రసిద్ధి కెక్కినది.

ఈ అశ్వయాత్రలో ఒక నియమము సాధకులు గమనింపదగినది. మార్గమధ్యమున పశువైద్యులు నిలిచియుందురు. ప్రతి గుఱ్ఱమును ఆపి నాడి చూతురు. నాలుగడుగులు నడిపించి కుంటుచున్నదేమో చూతురు. చర్మమును వ్రేళ్ళతో లాగి విడిచి, ఒంటిలో నీరు తగ్గినదేమో చూతురు. నాడి నియమితసంఖ్యకు దిగనిచో, కాలు కుంటుపడినచో, రౌతు ఎంత బ్రతిమాలినను అడుగు ముందుకు పోనీయరు. గుఱ్ఱము మాటలాడలేదు. రౌతు మాటలాడగలడు గాని, ఆ సమయమున వాని మాట నమ్మదగినది కాదు. వానికి గమ్యముపై ఆశ కలదు గదా.

1973లో గోర్డీ ఏన్‌స్లీ అను యువకుని గుఱ్ఱము ఇట్లే కుంటుపడి, సుమారు ముప్పది మైళ్ళ దూరముననున్న రాబిన్సన్ ఫ్లాట్ అను చోట ఆగిపోయినది. యాత్రానిర్వాహక సంస్థకు కార్యదర్శినిగా నుండిన డ్రుసిల్లా బార్నర్ అను ఆశ్వికురాలు, గుఱ్ఱము లేకయే నీవు పరుగెత్తరాదా అని అతనిని ప్రోత్సహించెనట. మఱుసటి యేడు, 1974లో, అతడు గుఱ్ఱముల నడుమ తానొక్కడే రెండు కాళ్ళపై బయలుదేరి, మండుటెండలో ఆ లోయలను దాటి, 23 గంటల 42 నిమిషములకు ఆబర్న్ చేరెను. 1977 నుండి మనుష్యులకు ప్రత్యేకముగా 'వెస్టర్న్ స్టేట్స్' అను పరుగు ఏర్పడినది. నేడు ప్రపంచమున 'అల్ట్రామారథాన్' అని పిలువబడు దీర్ఘధావనములలో కొండదారుల నూఱు మైళ్ళ పరుగులకు మూలకందము ఇదియే. రౌతు గుఱ్ఱమును విడిచెను. లేక, తానే గుఱ్ఱమాయెను అనుట సమంజసము. రెండును ఒక్కడే యైనప్పుడు, మార్గమధ్యమున నాడి పట్టి చూచు పశువైద్యుడు ఎవడు? ఇదియే విచారింపవలసిన ప్రశ్న.

ఆ మార్గము స్వరూపము కొంత చెప్పవలెను. జూన్ మాసాంతమున ఒక శనివారము ఉదయము 5 గంటలకు ఒలింపిక్ వ్యాలీ అను లోయలో పరుగు మొదలగును. మొదటి నాలుగున్నర మైళ్ళలోనే 2,500 అడుగులకు పైగా ఎక్కి 8,750 అడుగుల యెత్తుననున్న కనుమను దాటవలెను. కొన్ని యేండ్లలో అక్కడ పాదములు మంచులో దిగబడును. అదే దినము మధ్యాహ్నమునకు నదీలోయలలో దిగునప్పటికి ఎండ 38 డిగ్రీల సెల్సియస్ దాటుటయు కలదు. మొత్తము దూరము 100.2 మైళ్ళు, అనగా సుమారు 161 కిలోమీటర్లు. ఎక్కవలసినది 18,000 అడుగులు, దిగవలసినది ఇంచుమించు 23,000 అడుగులు. ఆదివారము ఉదయము 11 గంటలలోపున, అనగా 30 గంటలలో, ఆబర్న్‌లోని ఉన్నత పాఠశాల క్రీడాప్రాంగణమును చేరవలెను. 24 గంటలలోపున చేరినవారికి వెండి బకిల్, తక్కినవారికి కంచు బకిల్ ఇత్తురు. ధనము ఇచ్చు ఆచారము లేదు. నడికట్టుకు తగిలించుకొను ఆ చిన్న లోహపు బిళ్ళ కొఱకే ఇంత శ్రమ.

ఆ లోయల యెండ మన కోస్తా యెండ వంటిది కాదు. రోహిణీ కార్తెలో గోదావరీతీరమున నిలిచినవానికి చెమట ధారలుగా కాఱును. ఉత్తరీయము తడిసి ఒంటికి అంటుకొనును. ఆ పొడిగాలిలో చెమట పుట్టినచోటనే ఆవిరియై పోవును. చర్మము పొడిగనే యుండును. బట్టపై తెల్లని ఉప్పుగీతలు మాత్రము మిగులును. దేహము చల్లబడుటకు ఆ ఆవిరియే మార్గము. నీరు త్రాగకున్న రక్తము చిక్కబడి తాపము పెరుగును. భయపడి మితిమీఱి నీరే త్రాగినచో, చెమటతో పోయిన ఉప్పు పోగా మిగిలిన ఉప్పు గూడ పలుచనై, వ్రేళ్ళు వాచి, వమనము కలిగి, తుదకు బుద్ధి మసకబాఱును. ఎండకు ముందుగా పది పదునాలుగు దినములు దేహమును అలవాటు చేసికొన్నచో చెమట త్వరగా పట్టును, అందులో ఉప్పు తక్కువగా పోవును. అభ్యాసమహిమ అట్టిది. అయినను దేహమునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు ఏ దినమున ఎక్కడ నుండునో ముందుగా చెప్పగలవాడు లేడు.

కోనసీమలోని ఒక అగ్రహారమున జన్మించి, ఉపనయనానంతరము నాలుగేండ్లు తండ్రివద్ద కృష్ణయజుర్వేదము వల్లించి, పిదప ఆంగ్లవిద్యకు మరలి, ఇరువదియైదేండ్లుగా కాలిఫోర్నియాలో నివసించుచున్న ఒక గృహస్థు ఆ పరుగులో పాల్గొనెను. వయస్సు 49. ఈ పరుగుకు పేరిచ్చినవారందఱకు అవకాశము రాదు. ప్రతి సంవత్సరము వేఱొక దీర్ఘధావనమును ముగించి అర్హత పొందవలెను. ఆపైన లాటరీలో పేరు రావలెను. అతనికి ఏడవ యేట వచ్చినది.

ఆ సంవత్సరమే మాఘమున అతని తండ్రి, ఆరు దశాబ్దములు ఒకే స్వామిని అర్చించిన ఘనాపాఠి, పరమపదించెను. కుమారుడు విమానములు మాఱి మూడవ దినమునకు చేరునప్పటికి జ్ఞాతియొకడు చితికి నిప్పు పెట్టియుండెను. మిగిలిన కర్మలన్నియు కుమారుడే యథావిధిగా జరిపెను. ధర్మశాస్త్రదృష్టితో అందులో లోపము లేదు. అయినను ఆ మూడు దినముల లోటు అతని మనస్సునుండి తొలగలేదు. ఈ పరుగును తండ్రి పేర చేయుదుననియు, ఎంత బాధ కలిగినను ఆగననియు, ఆ బాధయే ప్రాయశ్చిత్తమనియు లోలోపల సంకల్పించుకొనెను. తల్లికి చెప్పలేదు. చెప్పినచో ఆమె ఏమనునో అతనికి తెలియును.

ఇచ్చట ఒక మాట. పుత్రుని కాలి బొబ్బలు పితృదేవతలకు ముట్టునని ఏ స్మృతియు చెప్పలేదు. తిలలు, ఉదకము, పిండము, వానికంటె ముందు శ్రద్ధ. శ్రాద్ధశబ్దమే శ్రద్ధనుండి పుట్టినది. గీతలో పదునేడవ అధ్యాయమున భగవానుడు తపస్సును గుణములనుబట్టి విభజించి, మూఢపుపట్టుదలతో తన్ను తాను పీడించుకొను తపస్సును తామసమని తేల్చెను. దేహమును శోషింపజేయువాడు లోనున్న తననే శోషింపజేయుచున్నాడని గూడ అక్కడనే హెచ్చరించెను. అట్లని కష్టమంతయు తామసము కాదు. ఉగాదికి ముందు కర్ణాటకభక్తులు నల్లమల యడవుల గుండ పాదరక్షలు లేక శ్రీశైలమునకు నడచివచ్చుట తెలుగువారికి ఏటేట కనబడు దృశ్యమే. వారి పాదములును బొబ్బలెక్కును. వారు బొబ్బలకొఱకు నడువరు, మల్లన్నకొఱకు నడుతురు. నడువలేనివానిని తోడివారు చెట్టునీడన కూర్చుండబెట్టినచో వాని యాత్ర భంగమైనదని ఎవడును అనడు.

ఆ గృహస్థుకు పరుగులో ఒక అభ్యాసము కలదు. కాళ్ళకు బూట్లు, ఒంటిని శౌచములేమి ఉన్నప్పుడు వేదము పలుకరాదని తండ్రి చెప్పినది అతడు మఱువలేదు. అందుచేత కొండ యెక్కునప్పుడు విష్ణుసహస్రనామములను మనస్సులో చదువుకొనుచుండును. ఎక్కునప్పటి ఊపిరికి కుదించి చదివినచో ఒక ఆవృత్తికి అతనికి ముప్పది నిమిషములు పట్టును. దానినిబట్టియే కొండను కొలుచుకొనును.

మధ్యాహ్నము గడచి నాలుగు గంటలగునప్పటికి అతడు డెడ్‌వుడ్ లోయ అడుగునకు దిగెను. అక్కడినుండి 'డెవిల్స్ థంబ్', అనగా దయ్యపు బొటనవ్రేలు, అను శిఖరమునకు నిలువుగా మెలికలు తిరిగిన దారి. ఒకటిన్నర మైలులో సుమారు 1,500 అడుగుల యెత్తు. మెడచుట్టు వస్త్రములో కట్టుకొన్న మంచుముక్కలు కరగి ఎప్పుడో నీరైనవి. అతడు నామములు మొదలుపెట్టెను. శిఖరము కనుచూపుమేరలో లేకమునుపే ఆవృత్తి ముగిసినది. తాను మందగించితినేమో యని తలచి మఱల మొదలుపెట్టెను. అదియు త్వరగానే ముగిసినది. పైకి చేరి, సహాయకేంద్రములో రెండు పాత్రల నీరు త్రాగి, అడిగినవారికి బాగుగానే ఉన్నానని చెప్పి దిగుడుదారి పట్టెను.

ఎల్‌డొరాడో వాగు దాటి మిషిగన్ బ్లఫ్ అను పాత బంగారుగనుల గ్రామమునకు ఎక్కునప్పుడు మూడవ ఆవృత్తి. ఈసారి అతడు నడిదారిలో ఆగిపోయెను. సహస్రనామములలో కొన్ని నామములు ఒకటికంటె ఎక్కువమారులు వచ్చును. పారాయణపరులకు అవి జాఱుడుమెట్లు. 'ప్రాణదః' అను నామము నాలుగుమారులు వచ్చును: 65వది, 321వది, 408వది, 956వది. అందులో 408వ చోటను 956వ చోటను దాని వెంటనే 'ప్రణవః' వచ్చును. బాల్యమున వల్లించు పిల్లలు అక్కడ జాఱి, అయిదువందలకు పైగా నామములు ఎగిరిపోయి, తుదకు చేరి సంతోషింతురు. అతడు మూడుమారులును అక్కడనే జాఱెను. పదియేండ్ల వయస్సు దాటిన పిమ్మట ఎన్నడును ఆ పొరపాటు చేసినవాడు కాడు.

అగ్రహారములో పిల్లలు ఇట్లు జాఱినప్పుడు తండ్రి కోపించువాడు కాడు. కన్నులు మూసికొని వినుచునే, చూపుడువ్రేలితో తన మోకాలిపై ఒక్కమారు తట్టును. పిల్లవాడు తానే వెనుకకు పోయి తప్పు వెదకుకొనవలెను.

అప్పుడు అతడు తన చేతిని చూచుకొనెను. తండ్రి వ్రేలినుండి తన వ్రేలికి వచ్చిన బంగారు పవిత్రము మాంసములో దిగబడియుండెను. వ్రేళ్ళు వాచినవి. మధ్యాహ్నమునుండి మూత్రవిసర్జన లేదు. కడుపులో త్రిప్పుచుండెను. ఆవిరియై పోవు చెమటను గుర్తింపక, చర్మము పొడిగా నున్నదని దప్పికకు మించి నీరు త్రాగుచు వచ్చినవాడతడు. కోనసీమవాని లెక్క సియెరా లోయలో తప్పినది.

మెల్లగా నడచి గ్రామము చేరి వైద్యురాలియెదుట కూర్చుండెను. ఆమె వ్రేళ్ళు చూచి, ఇక నీరు త్రాగవలదని, ఉప్పు చిక్కగా వేసిన చారు కొద్దికొద్దిగా పుచ్చుకొమ్మని చెప్పెను. పేరేమి, ఈ దినమేమి, ఈ చోటేదని అడిగెను. అన్నింటికిని సరిగా బదులిచ్చెను. కొంతసేపు చూతము, తల నిలకడగా నున్నచో, వాపు తగ్గినచో, వేళ మించనిచో వెళ్ళవచ్చునేమో యని ఆమె పలికెను. ఆమెను తప్పుపట్టుటకు లేదు. ఆమె యడుగగల ప్రశ్నలు అవియే.

అయితే మఱియొక పరీక్ష కలదు. దానిని చేయగలవాడు ఆ కొండపై అతడొక్కడే. ముప్పావుగంట గడచిన పిదప, తల కొంత తేలికపడినట్లు తోచగా, కుర్చీలో కూర్చుండియే, పరుగు లేక, ఎక్కుడు లేక, నీడన, నాలుగవ నూఱు మొదలునుండి నామములు ఆరంభించెను. మఱల అక్కడనే జాఱెను. వెనుకకు పోయి చూచెను. సరియైన నామము స్ఫురింపలేదు.

ఆ విషయము వైద్యురాలికి చెప్పకయు ఉండవచ్చును. చెప్పినను ఆమెకు అర్థము కాదు. ఏడేండ్ల నిరీక్షణ, తండ్రి పేర చేసిన సంకల్పము, ఇంకను 44 మైళ్ళు. గమ్యముపై ఆశగల రౌతు ఆ స్థితిలో ఏమి చేయునో తెలిసినదే. గుఱ్ఱము బాగుగనే యున్నదని చెప్పును.

2006లో ఇదే పరుగున బ్రయన్ మోరిసన్ అను యువకుడు అందఱికంటె ముందుగా ఆబర్న్ ప్రాంగణము చేరి, గమ్యరేఖ కంటియెదుట నుండగా కూలిపోయెను. లేచి మఱల కూలెను. తోడివారు పట్టి లేవనెత్తి రేఖ దాటించిరి. పరుల సాయముతో దాటినందున అతని పరుగు చెల్లలేదు, రెండవవాడు విజేతయాయెను. నూఱు మైళ్ళలో మిగిలినది వర్తులమార్గపు ఒక ముక్క మాత్రమే. అతనికి సంకల్పబలము లేదని ఎవడు అనగలడు? పగ్గములు బిగిసియే యున్నవి, సారథి యెప్పుడు దిగిపోయెనో రథికి తెలియలేదు.

ఆ గృహస్థు లేచి చేయి చాచెను. పరుగు మానుకొన్నవారి చేతిపట్టీని కత్తిరించుట అక్కడి నియమము. కత్తెర తెచ్చిన స్వచ్ఛందసేవకుడు నిశ్చయమేనా యని ఒకమారు అడిగెను. అతడు తల యూపెను. తితిక్ష యనగా దుఃఖమును సహించుట మాత్రమే కాదు, దానికై చింతయు విలాపమును లేక సహించుట యని పెద్దలు చెప్పుదురు. ఏబదియాఱు మైళ్ళు ఎండను సహించుట అతనికి వచ్చును. ఆ పట్టీ కత్తిరించునప్పటి దుఃఖమును సహించుట ఆనాడే మొదటిసారి. విలాపము లేకుండెనని చెప్పుటకు వీలులేదు, కొంత ఏడ్చెను.

ఆరు మైళ్ళ అవతల ఫారెస్ట్‌హిల్ అను ఊరిలో ఇరువదేండ్ల కుమార్తె వేచియుండెను. అక్కడినుండి నదివఱకు రాత్రి తండ్రికి తోడుగా పరుగెత్తవలెనని నెలల తరబడి అభ్యసించినది. తండ్రి బండిలో వచ్చి దిగుట చూచి ఆమెయే ఎక్కువగా ఏడ్చినది. రాత్రి రెండవ జామునకు మూత్రము ధారాళముగా వచ్చి, తెల్లవాఱునప్పటికి వాపు తీసినది. పవిత్రము వ్రేలికి వదులైనది.

ఆదివారము ఉదయము ఇరువురును ఆబర్న్ ప్రాంగణములో కూర్చుండిరి. పది నుండి పదునొకండు గంటల వఱకు గల చివరి గంటను అక్కడివారు సువర్ణఘటిక యని పిలుతురు. ముందు వచ్చిన వీరులకంటె ఆ గంటలో కుంటుచు, వంగుచు వచ్చువారికే చప్పట్లు ఎక్కువ. 2015లో గన్‌హిల్డ్ స్వాన్సన్ అను డెబ్బదేండ్ల వృద్ధురాలు 29 గంటల 59 నిమిషముల 54 సెకండ్లకు, ఆఱు సెకండ్లు మిగులగా, రేఖ దాటినది ఆ గంటలోనే. అతడు ఒక్కొక్కరికి లేచి నిలిచి చప్పట్లు కొట్టెను. నడుమ తల్లి ఫోన్ చేసినది. "ఏం తిన్నావురా?" అని అడిగినది. ఉప్పుచారు అని చెప్పెను. అంతయు విని, "మీ నాన్నగారు ఉంటే అక్కడే ఆపేవారురా" అని ఊరకున్నది.

ఇంటికి పోవునప్పుడు కారు నడుపుచు కుమార్తె, ఆ జాఱిన నామమునకు అర్థమేమని అడిగినది. శంకరభగవత్పాదుల భాష్యమున ప్రాణదశబ్దమునకు ప్రాణములను ఇచ్చువాడనియు, కాలస్వరూపుడై ప్రాణములను ఖండించువాడనియు గూడ అర్థములు చెప్పబడినవి. ఒకే నామము, ఒకే స్వామి. అతడు రెండును చెప్పెను. "అయితే మీరు నిన్న దేని దగ్గఱ జారారు నాన్నా?" అని ఆమె మఱల అడుగగా అతడు కొంతసేపు కిటికీలోనుండి చూచి, "నువ్వు మొదటినుంచి చదువు, వింటాను" అనెను.

చిన్ననాట తాతగారివద్ద నేర్చినదే గాని చాలనాళ్ళుగా వాడుక లేదు. అక్కడక్కడ తడబడుచు, దారి చూచుచు, ఆమె చదువసాగినది. నాలుగువందల నామములు బాగుగనే సాగినవి. ప్రాణదః, ప్రణవః యని పలికి ఆమె పణః వైపునకు తిరిగినది. ప్రక్కన కన్నులు మూసికొని కూర్చున్న తండ్రి చూపుడువ్రేలు మోకాలిపై ఒక్కమారు తట్టినది.